ఈశాన్యం మూల ముంత

ప్రేమదాసు ఈతతొట్టి అడుగున బోర్లా పడుకుని, చెవి గచ్చుకు ఆనించి, తాపీ పిడితో కొడుతున్నాడు. గట్టిచోట టంగుమంటుంది, డొల్లచోట బొదబొదమంటుంది. అరవై రెండేళ్ళ మనిషి. మోకాళ్ళ పైకి కట్టిన పంచె, నెత్తిన తువాలు, సున్నం తిని అరిగిపోయిన వేళ్ళు. కీసరలో ఆరింటి బస్సెక్కి నందిగామలో దిగినప్పటి నుంచీ ఇదే పని.

"ఏంట్రా దాసూ, తొట్టికి జరమేమన్నా వచ్చిందా?" గట్టు మీద పడక్కుర్చీలోంచి దుర్గాంబగారు అడిగారు. ఆవిడ ఈ ఇంటి ఆసామి జగన్నాథరావుగారి తల్లి. ఎనభై దాటినా నోటికి మాత్రం ముసలితనం రాలేదు.

"నాడి చూస్తన్నానండి" అన్నాడు ప్రేమదాసు తల ఎత్తకుండా.

ఈ తొట్టి కట్టింది అతనే, అరవై నాలుగులో. పొగాకు మంచి ధర పలికిన ఆ ఏడు జగన్నాథరావుగారు మద్రాసు వెళ్ళి, ఎవరి బంగళాలోనో నీలం నీళ్ళు చూసి మనసు పారేసుకొచ్చారు. గొడ్ల సావిడి వెనక తవ్వించారు. రెండో ఏటికే సాయంత్రం నింపిన నీళ్ళు తెల్లారేసరికి మాయం, అడుగున బురదా రెండు కప్పలూ. ఆ తర్వాత అందులో పత్తికట్టె వేశారు, మిరపకాయ బస్తాలు పెట్టారు. ఒక దూడయితే అందులోనే పెరిగి పెద్దదై, మెట్లెక్కనని మొరాయిస్తే నలుగురు మోకులు కట్టి లాగాల్సి వచ్చింది.

తొట్టి సంగతి సరే, మనిషి పేరే మారిపోయింది. "సిమెంటు మింగేశాడు" అని మొదట అన్నది దుర్గాంబగారే. అప్పట్నుంచీ అతను కారే మేస్త్రి. హోటల్లో "కారే మేస్త్రికి ఒక టీ" అని కేకేస్తారు. ఓ ఆదివారం వానకి చర్చి కప్పు కారితే పాదిరిగారితో సహా అందరూ అతనివైపే తిరిగి చూశారు. నిజానికి ఆ కప్పు వేసింది ఎవరో గుంటూరువాళ్ళు!

ఇప్పుడు, పందొమ్మిదేళ్ళకి, జగన్నాథరావుగారి మోకాళ్ళనొప్పులకి బెజవాడ డాక్టరు ఈత కొట్టమన్నాడు. ఆయనకి ఈత రాదు. అయినా నీలం పలకలు, స్టీలు నిచ్చెన, కొత్త మోటారు తెప్పించారు. చెడగొట్టినవాడే బాగుచెయ్యాలని ప్రేమదాసుకే కబురంపారు. అతను అవమానం దిగమింగి వచ్చాడు. చచ్చేలోగా ఈ తొట్టిలో నీళ్ళు నిలబెట్టి ఆ పేరు తుడిచేసుకోవాలి. అంతకుమించి అతనికింకో కోరిక లేదు.

పదకొండింటికి ఈశాన్యం మూల బొదబొదమంది. ఉలితో పగలగొట్టాడు. గచ్చు కింద ఓ గుంట, గుంటలో బీటలిచ్చిన మట్టిముంత, ముంతలో నల్లగా కుళ్ళి ఎండిపోయిన గింజలు, ఓ రాగి కాసు.

రెండు చేతులతో పైకెత్తాడు. "అమ్మగారూ, ఇదేంటండి?"

దుర్గాంబగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అదా! నవధాన్యాల ముంత. శంకుస్థాపన లేకుండా కడతారా ఏంటి? అది ఇంటికేనమ్మా, తొట్టికి కాదన్నాడు పంతులు. వాడి మొహం! మీరంతా చద్దన్నాలకి పోయినప్పుడు నేనే మూల తవ్వి పెట్టా. ఇసక పోసి, పేడతో అలికి, ముగ్గు కూడా వేశా."

ఆ ముగ్గు అతనికి గుర్తుంది. అమ్మగారి భక్తికి మురిసిపోయి, అది చెరగకుండా మెల్లిగా కాంక్రీటు పోశాడు.

"తడికి గింజలుబ్బి ముంత పగిలిందండి. ఇసక కుంగి గచ్చు బీటిచ్చింది. నీళ్ళన్నీ ఇక్కణ్ణుంచేనండి పోయింది." "నేను సిమెంటు తినలేదండి."

ఆవిడ విసనకర్ర ఆపారు. "ఇన్నేళ్ళూ నిన్ను ఆడిపోసుకున్నా కదరా" అన్నారు. "నా నోరు పడిపోనూ! అబ్బాయి జగ్గయ్యపేట నుంచి సాయంత్రం వస్తాడు. నలుగుర్నీ పిలిచి మరీ నేనే చెప్తా." కొంచెం ఆగి, "సరే, ముంత మళ్ళీ అక్కడే పెట్టు" అన్నారు.

"అమ్మగారూ!"

"పెట్టింది తియ్యకూడదురా. అరిష్టం."

అరగంట బేరం నడిచింది. ఆఖరికి నీళ్ళకి పైన, ఈశాన్యం గట్టు మీద ఉంచడానికి ఆవిడ ఒప్పుకున్నారు. ప్రేమదాసు బీటలకు సిమెంటు పూసి, కింద కాసు పెట్టి, ముంతను గట్టుమీద కదలకుండా కూర్చోబెట్టాడు. తర్వాత గుంటను దిమ్మిసతో గట్టిగా కొట్టి, కాంక్రీటు నింపి, మూడింటిదాకా నున్నగా తాపీ తిప్పాడు. చాలా ఏళ్ళ తర్వాత కూనిరాగం కూడా తీశాడు.

"అమ్మగారూ, అయిపోయిందండి. సూడండి."

విసనకర్ర ఆవిడ ఒళ్ళో పడి ఉంది. తల పక్కకి వాలింది. నిద్రనుకుని ఆగాడు. మళ్ళీ పిలిచాడు. తర్వాత నెత్తిన తువాలు తీసి చేత్తో పట్టుకుని, "ఎవరన్నా రండమ్మా" అని వంటింటివైపు కేకేశాడు.

నెల మాసికం అయ్యాక పలకలు అతికి, తొట్టి నింపారు. మూడు రోజులైనా నీళ్ళు ప్రేమదాసు గీసిన గీత దిగలేదు. జగన్నాథరావుగారు గుండుతో, నడుంలోతు నీళ్ళలో, నిచ్చెనని రెండు చేతులా వాటేసుకుని నిలబడ్డారు.

"భేష్! ఈసారన్నా సిమెంటు సరిగ్గా వేశావయ్యా!"

ప్రేమదాసు నోరు తెరిచాడు. గట్టు మీద పడక్కుర్చీ ఖాళీగా ఉంది. పోయిన తల్లి మీద కొడుక్కి నేరం చెప్పడానికి మనసొప్పలేదు.

"అవునండి" అన్నాడు.

"ఆ మూల ముంతేంటయ్యా?"

"అమ్మగారు పెట్టించారండి. తియ్యొద్దన్నారు."

ఆయన తడిచేత్తో కళ్ళు తుడుచుకున్నారు. "అయితే ఉండనీ."

ప్రేమదాసు సంచీ భుజాన వేసుకుని బస్టాండుకి నడిచాడు. అక్కడి హోటల్లో "కారే మేస్త్రికి ఒక టీ" అని కేకేశారు. అతను తాగాడు.

ఆ సాయంత్రం పెద్ద జల్లు పడింది. ఈశాన్యం గట్టు మీద అతుకుల ముంత అంచుదాకా నిండి నిలిచింది, ఒక్క చుక్క కారలేదు.