ఏదెను ఆకు పప్పు

నాలుగు రెక్కల క్లోవర్ గడ్డి ఆకు ఇంట్లో ఉంటే ఉద్యోగం తనంతట తానే వెతుక్కుంటూ వస్తుందన్న సంగతి జర్మనీ దేశపు వోల్ఫ్స్‌బర్గ్‌లోని ఆ మూడంతస్తుల భవనంలో అందరికీ తెలుసు. కింది వాటాలో ఉండే ఫ్రావ్ బ్రాంట్‌కు మరీ బాగా తెలుసు. 2020 డిసెంబరు ముప్పై ఒకటిన ఆవిడ మాస్కు ముక్కు మీదికి లాక్కుని మెట్లెక్కి వచ్చి, పై వాటాలోని జూడీ వాళ్ల గుమ్మం ముందు చిన్న కుండీ ఒకటి పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. కుండీ నిండా నాలుగేసి రెక్కల ఆకులు. నడుమ తీగకు గుచ్చిన, అక్కడివాళ్లు అదృష్టమని నమ్మే, పొగగొట్టాలు ఊడ్చేవాడి బొమ్మ. ఏదెను తోటలోంచి వెళ్లగొట్టినప్పుడు హవ్వ గుర్తుగా తెచ్చుకున్న ఆకు ఇదేనని ఆవిడ జర్మనులో చెబితే, జూడీ తెలుగులో చెప్పింది.

"వెళ్లగొడుతూ హవ్వకి దేవుడు కుట్టించిన తోలు చొక్కాకి జేబు కూడా ఉందటా?" అన్నాడు జూడీ తండ్రి దయానందం.

బాపట్లలో ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. కూతురి కాన్పుకని భార్యతో వచ్చి, రెండుసార్లు విమానం రద్దయి, అక్కడే చిక్కుకుపోయాడు. వాహ్యాళి లేని ఆ రోజుల్లో ఆయనకు వెక్కిరింపే వ్యాయామం.

అల్లుడు జేసన్ మాత్రం నవ్వలేదు. కార్ల సాఫ్ట్‌వేరు ఉద్యోగం నవంబరులో పోయింది. బ్లూ కార్డు అనే పని వీసా మీదున్నవాడికి ఇంకోటి చూసుకోవడానికి మూడు నెలలే గడువు. కుండీ వచ్చిన వారానికే ఒక కంపెనీ తొలి ఇంటర్వ్యూ గట్టెక్కింది. అంతటితో కుండీ లాప్‌టాప్ పక్కకు, చదవాల్సిన నోట్సు కుండీ కిందకు చేరాయి.

"సోమవారం రెండో రౌండు పెట్టుకుని ఆ నోట్సు తెరవవేం?" అన్నాడు దయానందం.

"టెన్షన్ లేదు మామయ్యగారూ. మొన్న చూశారుగా, నాకొచ్చినవే అడిగారు."

"చదివావు గనక వచ్చాయి. నీ ఆకులు లెక్కేశా నాయనా. ముప్పై ఎనిమిది. నాలుగు రెక్కలది పదివేలకొకటి దొరుకుతుందంటారే, మరి మిగతా మూడు రెక్కలవి, దాదాపు మూడు లక్షల ఎనభై వేలూ ఏ కుండీలో పెట్టారో?"

"నాన్నా, ఆయన మూడ్ పాడుచేయకు," అంది జూడీ.

ఆదివారం ఫోన్లో ఆరాధన ముగిశాక భోజనాలకు కూర్చున్నారు. జేసన్ పప్పు మారు వడ్డించుకున్నాడు.

"అత్తయ్యగారూ, ఈ లాక్‌డౌన్లో గోంగూర ఎక్కడ దొరికింది?"

"గోంగూర కాదయ్యా," అంది అత్తగారు సంతోషకుమారి. "నీ లాప్‌టాప్ పక్కనుందే, ఆ కుండీలోది. పుల్లగా భలేగుంది."

జేసన్ చేతిలోని ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. "మొత్తం కోసేశారా?"

"బొమ్మ మాత్రం ఉంచాగా."

"మమ్మీ! అది ఆయన లక్కే!" అరిచింది జూడీ.

"నాకేం తెలుసే? పుల్లాకు నోట బెట్టి పది నెలలైంది."

"తెలియని ఆకు ఎట్టా వండావు?" అన్నాడు దయానందం.

"నిన్న పొద్దున రెండాకులు నమిలా. ఇయ్యాళ్టిదాకా బతికే ఉన్నా. అందుకని వండా. మీ సైన్సులో ప్రయోగమంటే ఇదేగా?"

దయానందం తనూ మారు పప్పు వడ్డించుకున్నాడు. జేసన్ చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్లి, మోడు మిగిలిన కుండీని పక్కకు నెట్టి, ఆదుకునే నాథుడు లేడని తేలిన మనిషికి పుట్టే శ్రద్ధతో నోట్సు తీశాడు. ఆ సాయంత్రం అతని టీ రెండుసార్లు చల్లారింది. సోమవారం పొద్దున ఇంటర్వ్యూ వేళదాకా మామగారి చేత ప్రశ్నలడిగించుకున్నాడు. గురువారం ఉద్యోగం ఇస్తున్నట్టు కబురొచ్చింది.

శుక్రవారానికి భవనమంతా మాట మారింది: ఆ ఆకును పెంచడం కాదు, తినాలి! పప్పు ఎలా చేయాలో కనుక్కోవడానికి ఫ్రావ్ బ్రాంట్ స్వయంగా పైకొచ్చింది. జూడీ ఆవిడకు కాగితం మీద రాసిస్తూంటే, దయానందం కుండీని తిరగేసి, అడుగున అంటించిన చీటీ మీది శాస్త్రీయ నామాన్ని ఫోన్లో వెతికాడు. మెక్సికో మొక్క, మన పులిచింతాకు జాతి. దాని ఆకుకు నాలుగు రెక్కలుండటం మనిషి చేతికి అయిదు వేళ్లుండటమంత మామూలు. ఆ ఇంట్లో ఏనాడూ క్లోవర్ లేదు.