ఓడెట్ వాటా

రేపే ఫాదర్ వచ్చి చేసే పడవల దీవెన. బయూ కాలువ పొడవునా ప్రతి పడవా పెళ్లివారిల్లులా ముస్తాబవుతోంది. ఒక్క ‘రోజ్-ఎమ్మా’ మీద మాత్రం ఓడెట్ ఒంటరిగా రంగు జెండాలు కట్టుకుంటోంది. తమ్ముడు క్లోవిస్ గట్టు మీద కూర్చుని చేతులు ముడుచుకుని చూస్తున్నాడు. వాణ్ణి అలా చూసేసరికి ఆమెకు ఒళ్లు మండింది.

"ఒరేయ్, అక్కడే మొలిచావా? వచ్చి ఈ తాడు పట్టుకో!"

"వద్దులే అక్కా. దీవెన అవగానే ఒకాయన చూసుకోడానికొస్తానన్నాడు. పడవ అమ్మేస్తున్నా."

ఓడెట్ చేతిలోని జెండాలు జారి నీళ్లలో పడ్డాయి.

"మతి గానీ పోయిందా నీకు?"

"నిరుడు పన్ను లెక్క పంపానా, అయిదు వేల పైచిలుకు డాలర్లు బాకీ తేలింది. ఒక్క సెంటు కూడా కట్టలేకపోయా. ఏ మొహం పెట్టుకుని నీకు చెప్పను? మీద వడ్డీ. మొన్న పన్నాఫీసు నుంచి మళ్లీ ఉత్తరం. వాళ్లొచ్చి లాక్కుపోయేలోపు మనమే అమ్ముకుంటే మర్యాదగా ఉంటుంది."

మర్యాదట, మర్యాద! నాన్న పోయిన దగ్గర్నుంచి ఆ పడవ మీద వలలు లాగిందెవరు? రొయ్యల కొమ్ములు గుచ్చుకుని వేళ్లు బూరెల్లా వాచినా ఏరి బుట్టలకెత్తిందెవరు? అమ్మే ముందు ఆమెను ఒక్క మాట అడిగాడా! అడగడు. అందరికీ ఆమె ‘క్లోవిస్ వాళ్లక్క’, అంతే.

"అయిదు వేలా! మనం పట్టిన రొయ్యలకి అంత పన్నేంట్రా? లే! జెల్మా పిన్ని దగ్గరికి పద!"

జెల్మా అంటే వాళ్లమ్మకు వరసకు చెల్లెలు. వంటింటి బల్ల మీదే ఊళ్లో సగం మందికి పన్ను కాగితాలు రాసిపెడుతుంది. క్లోవిస్ మాత్రం పరువు తక్కువనుకుని తన లెక్క తనే రాసుకున్నాడు, మొనగాడు! పొయ్యి మీద గంబో పులుసు ఉడుకుతుంటే జెల్మా కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాలు తిరగేసింది.

"రొయ్యలు కొనే రేవు షెడ్డువాళ్లు అమ్మకమంతా నీ పేరనే వేశార్రా. మరి ఇందులో మీ అక్కకేమిచ్చావు?"

"మూడో వాటా. పడవకొకటి, నాకొకటి, అక్కకొకటి. ఆదివారం పూజ అయ్యాక భోజనాల దగ్గర చేతిలో పెడతా. నాన్న అలాగే ఇచ్చేవాడుగా."

"అది ఖర్చు కింద రాశావా?"

"రాసేదేంటి పిన్నీ? అక్కకిచ్చింది కూడా రాస్తారా ఎవరైనా?"

"ఓరి నీ తెలివి తగలెయ్యా! దాని వాటాకి కూడా నువ్వే పన్ను నెత్తినేసుకున్నావు కదరా!"

ఓడెట్ బల్ల మీద దబ్బున చరిచింది. గరిటె ఎగిరి కింద పడింది. "అయితే దిద్దు పిన్నీ, ఇప్పుడే దిద్దు!"

క్లోవిస్ తల అడ్డంగా ఊపాడు. "పాత బాకీయే కట్టలేదు. ముందది తీర్చకుండా దిద్దుతానంటే ఊరుకుంటారా?"

"తప్పు లెక్క ముందు కట్టి, ఆనక ఏడుస్తావా? బాకీ బాకీగానే ఉండగా దిద్దుబాటు పంపొచ్చురా. పన్ను తగ్గితే వడ్డీ, జరిమానా కూడా దాన్నిబట్టే తగ్గుతాయి. మిగిలింది నెలనెలా కడతానని రాసుకో." జెల్మా పెన్సిలుతో గబగబా కూడింది. "సగానికి సగం పడిపోయింది, చూడు!"

అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతారు. జెల్మా మాత్రం నవ్వలేదు.

"కాస్త ఆగండి. వీడి నెత్తి మీంచి తీసింది గాల్లో కలవదు. ఓడెట్, ఆ వాటా నీ పేర లెక్క చూపాలి. పన్ను నువ్వు కట్టాలి. గడువు దాటింది కాబట్టి జరిమానా కూడా."

క్లోవిస్ ముఖం మాడిపోయింది. "వద్దు పిన్నీ. అక్క మీద వేసి నేను తప్పించుకోవడమా? పడవే అమ్మేస్తా."

ఓడెట్ ఆ మాట వినిపించుకోలేదు. జెల్మా ముందున్న ఖాళీ కాగితాన్నే చూస్తోంది.

"నా పేర అంటే... నా ఒక్కదాని పేరా?"

"నీ ఒక్కదాని పేరే. సంతకం పక్కన వృత్తి కూడా రాయాలి."

"ఏమని?"

"ఏమనేంటే? రొయ్యలు పట్టడం అని."

ఓడెట్ ఆ కాగితం మీదికి వంగింది. ఆసుపత్రిలో, బ్యాంకులో, ఎక్కడ అడిగినా ఇన్నేళ్లూ ‘ఇంటి దగ్గరే ఉంటా’ అని రాయించుకుంది. ఎందుకలా రాయించుకుందో ఇప్పుడు తలుచుకుంటే తనమీద తనకే కోపం వచ్చింది.

"రాయి పిన్నీ! జరిమానాతో సహా కడతా. పెద్దక్షరాల్లో రాయి!" అంటూ ఏడుస్తూనే పకపకా నవ్వింది. క్లోవిస్ వంగి కింద పడ్డ గరిటె తీశాడు.

మర్నాడు ఫాదర్ పడవలన్నిటి మీదా పవిత్రజలం చల్లి వెళ్లాక ఆ కొనే ఆసామి వచ్చాడు. జెండాలతో రెపరెపలాడుతున్న ‘రోజ్-ఎమ్మా’ని పైనుంచి కిందకి చూసి, డెక్ మీద నిలబడ్డ ఓడెట్‌ని పలకరించాడు.

"నువ్వు క్లోవిస్ వాళ్లక్కవి కదూ? మీ తమ్ముడెక్కడ? బేరం మాట్లాడాలి."

పక్కనే వల సర్దుతున్న క్లోవిస్ తలెత్తలేదు.

"ఏం క్లోవిస్, బేరం మాట్లాడదామా?" అన్నాడు ఆసామి అతన్ని చూసి గట్టిగా.

"అక్కనే అడగండి," అన్నాడు క్లోవిస్.

ఓడెట్ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నేను ఓడెట్ ప్లెజాన్స్‌ని. రొయ్యలు పడతాను, పన్ను కడతాను. ఈ పడవ అమ్మకానికి లేదు."