ఏటీ లేదు

కాఫీ గ్లాసు అందుకుంటూ మా ఆయన అన్నాడు: "రేపట్నుంచి చీనావోళ్ల గేటు కాడ నిలబడాల నువ్వు. దొరకి నీ పేరే సెప్పినాను. ఇంటికాడ నీకు పనేటుంది? ఏటీ లేదు గదా."

అప్పటికి నేను మూడు బిందెల నీళ్లు మోసి, పొయ్యి రాజేసి, అత్తగారికి వేణ్ణీళ్లు తోడిపెట్టాను. నిజమే, ఏటీ లేదు.

మా ఆయన గోపాలసామి మలయా దేశంలో, ఇపో ఊరి దగ్గర రబ్బరు తోటలో గుమాస్తా. అది 1951. అడవిలో చేరి పోరాడుతున్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదని, అడవి అంచున బతికే చీనా కుటుంబాలను సర్కారు లారీల్లో తెచ్చి ముళ్లకంచె లోపల పడేసింది. పాత ఇళ్లు తగలబెట్టింది. రబ్బరు పాలు గీయడానికి వాళ్లు తెల్లారకుండానే గేటు దాటాలి, మూడింటికి తిరిగి రావాలి. ఒక్క మెతుకు కూడా వెంట తీసుకుపోకూడదు. ఆడవాళ్ల ఒళ్లు తడిమి చూడటానికి ఒక ఆడది కావాలి. జీతం అడిగితే దొర దగ్గర పరువు పోతుందట మా ఆయనకి. పొద్దున్నే పరాయి ఆడవాళ్ల నడుములు తడిమితే నా పరువు ఏమవుతుందో ఆయనకి తట్టలేదు.

మొదటిరోజు నేను అడక్కముందే వాళ్లు చేతులు పైకెత్తారు. నాకు ఏడుపొచ్చింది. మూడోరోజుకి ఏడుపూ రాలేదు, అందుకు ఇంకా అసహ్యమేసింది.

నాలుగోరోజు 'ఆ లాన్' అనే చీనా అమ్మాయి వచ్చింది. కంచె పడకముందు మా పెరటి గుమ్మంలోకి ఆకుకూరలు తెచ్చి అమ్మేది. ఇప్పుడు ఏడో నెల. చేతులెత్తి నిలబడింది. పొట్ట కింద, పంట్లాం బొందు దగ్గర, నా వేళ్లకు చిన్న మూట వెచ్చగా తగిలింది. అన్నం.

"నాకే, అక్కా," అంది బజార్లో అందరూ మాట్లాడే మలయి భాషలో, పెదవులు కదిలీ కదలకుండా. "మధ్యాన్నానికి కళ్లు తిరుగుతున్నాయి."

మా పెద్దపిల్ల కడుపులో ఉండగా, ఏడో నెలలో, అత్తగారు తోట కూలీల లైన్ల ఇళ్లలోని ముత్తయిదువులందర్నీ పిలిచి నా ఒడి నింపింది. దోసిళ్లతో బియ్యం పోసింది. మర్నాడు ఆకలికి ఆగలేక కుండ దగ్గరికి వెళితే మూత పెట్టేసింది. "మగోళ్లు తినీసినాక సూద్దాం," అంది. వాళ్లు తిన్నాక నాకు అడుగు మాడు మిగిలింది. ఒడిలో బియ్యం పోసిందీ కుండ మీద మూత పెట్టిందీ ఆ చేతులే.

"ఏమైనా ఉందా?" కాపలా పోలీసు అడిగాడు.

చెబితే ఆ లాన్ జైలుకి పోతుంది. దాచినట్టు తెలిస్తే నేను పోతాను, ఆయన ఉద్యోగమూ పోతుంది. నా చెయ్యి ఇంకా మూట మీదే ఉంది.

"ఏటీ లేదు," అన్నాను. అతనికి తెలుగు రాదని గుర్తొచ్చి, "తక్ అడా," అని మలయిలో మళ్లీ చెప్పాను. ఆ లాన్ చేతులు దించి, వెనక్కి చూడకుండా తోటలోకి నడిచింది.

మధ్యాహ్నం ఇంట్లో అన్నం వార్చాను. మా ఆయన ఇంకా రాలేదు. కంచం తీసుకుని, వేడివేడిగా వడ్డించుకుని, పొయ్యి పక్కనే కూర్చున్నాను.

అత్తగారు గుమ్మంలో ఆగిపోయింది. "ఏటి సేస్తన్నావే?"

ముద్ద మింగాక చెప్పాను.

"ఏటీ లేదు."