ఎడమచేతి వాటం

ఆ కంప్యూటర్ల కంపెనీలో అతన్ని అందరూ అల్లుడుగారు అనేవారు. నిజానికి అతను ఆ కంపెనీ మనిషే కాదు. వాళ్ల కంప్యూటర్లలో పెట్టే ప్రాసెసర్లు తయారుచేసే ఇంకో కంపెనీ మనిషి. జీతం అక్కడ, కుర్చీ ఇక్కడ. తమ ప్రాసెసర్‌తో ఏ తంటా వచ్చినా అప్పటికప్పుడు చూసి సరిచేయడానికి వాళ్లు అతన్ని ఇక్కడ కూర్చోబెట్టారు. వేరే ఇంటివాడై ఉండి ఈ ఇంట్లో మర్యాదలు అందుకునేవాడు అల్లుడు కాక ఇంకేమవుతాడు? వచ్చిన కొత్తలో ల్యాబులో ఎవరో సరదాకి అన్న మాట అది. అతను నొచ్చుకోకపోగా, "మరి అల్లుడికి కిటికీ పక్కన కుర్చీ వెయ్యరా?" అని అడిగి మరీ వేయించుకున్నాడు. దాంతో పేరు ఖాయమైపోయింది.

అల్లుడన్నాక ఆ ఇంట్లో బావమరిది ఉండాలి కదా. ఆ పదవి మేస్త్రికి దక్కింది. మేస్త్రి అంటే ల్యాబుకి పెద్ద. ఇంజనీరింగ్ చదివి, జట్టంతటి మీద పెత్తనం వచ్చాక కూడా చేతిపని మానలేదు. మదర్‌బోర్డు మీద నువ్వుగింజంత ముక్కల్ని భూతద్దం కింద పెట్టి ఊడదీసి, మళ్లీ తనే అతికించేవాడు. అందుకే ఆ పేరు. అతనిది ఎడమచేతి వాటం. ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని అతికించినా ముక్క వెంట్రుకవాసి కుడికి ఒరిగేది. పని బాగానే చేసేది గానీ, ఒరుగు మాత్రం ఒరుగే. "మా బావ సంతకం పెట్టక్కర్లేదు, ముక్క అతికిస్తే చాలు" అని అల్లుడు ఆటపట్టించేవాడు.

అల్లుడి భార్య దగ్గర్లో ఉన్న బడిలో లెక్కల టీచరు. వరస ప్రకారం ఆవిడ మేస్త్రికి చెల్లెలు. మొదట్లో నవ్వుతూ, తర్వాత మామూలుగా, "అన్నయ్యా" అనే పిలిచేది. వేళాకోళానికి పుట్టిన చుట్టరికం కాస్తా వేళాకోళంగా మిగల్లేదు.

దానికి కారణం ఉంది. కొన్నేళ్ల కిందట ఆవిడ కడుపుతో ఉండి, మంచం దిగకూడదని డాక్టరు చెప్పిన రోజుల్లోనే అల్లుడికి తన కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఇక్కడ పెద్దగా పని లేదు, దూరంలో ఉన్న ఫ్యాక్టరీకి వచ్చెయ్యమని. అల్లుడు ముఖం వేలాడేసుకుని తిరిగాడే గానీ ఎవరినీ ఏమీ అడగలేదు. మేస్త్రి కూడా ఏమీ అనలేదు. ఒక బోర్డు మీద రెసిస్టరనే మంచి ముక్కని తీసేసి, తప్పు విలువది అతికించి, "మూత వేస్తే నిద్రపోయిన కంప్యూటరు మళ్లీ లేవడం లేదు, మీ మనిషి ఇక్కడ ఉండి తీరాలి" అని వాళ్ల కంపెనీకి పైనుంచి కబురు పెట్టించాడు. అల్లుడు భూతద్దంలో చూసిన మరుక్షణమే ఆ ఒరుగుని గుర్తుపట్టాడు. ఆ ముక్కని ఊడదీసి, టేపు మీద అంటించి, మేస్త్రి బల్ల మీద పెట్టి, పక్కనే టీ గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు. పాప పుట్టి, తల్లి లేచి తిరిగేదాకా ఆ కంప్యూటరు నిద్ర లేవనే లేదు. దాని గురించి ఇద్దరూ మళ్లీ ఏనాడూ మాట్లాడుకోలేదు.

ఇదంతా జరిగిపోయిన ముచ్చట. ఇప్పుడు చెప్పేది ముచ్చట కాదు.

ఒకరోజు డైరెక్టరమ్మ మేస్త్రిని తన గదికి పిలిచి తలుపు వేయించింది. ప్రాసెసర్లు మార్చేస్తున్నామంది. అల్లుడి కంపెనీకి బద్ధశత్రువైన కంపెనీ దగ్గర కొనబోతున్నారు. వాళ్లది తక్కువ వేడెక్కుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, ఇందులో తప్పుపట్టడానికేమీ లేదు. కాకపోతే సంతకాలయ్యేదాకా పాతవాళ్లకి తెలియకూడదు. తెలిస్తే ఇప్పుడు పంపే సరుకు ఆపేస్తారు, అమ్మకాల కాలంలో చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

"మీరూ ఆ అల్లుడుగారూ ఒకే కంచం, ఒకే మంచం అంటారు ల్యాబులో. అందుకే మీకే చెబుతున్నా," అంది ఆవిడ. "కొత్తవాటి పని మూలగదిలో జరుగుతుంది. ఆయన అటువైపు రాకూడదు. ఊరికే కూర్చుంటే వస్తాడు. చేతినిండా పని పెట్టండి. పని లేకపోతే పుట్టించండి."

"పని పుట్టించడమంటే..."

"అది మీకు నేను నేర్పాలా?" ఆవిడ నవ్వింది. పాత సంగతి ఆవిడ చెవిన కూడా పడిందన్నమాట. "కొత్త ప్రాసెసర్‌కి కొత్త జట్టు వేస్తున్నాం. అందరికీ చోటుండదు. మీరుండాలనే నాకు ఉంది."

మేస్త్రి మరీ తొందరగా "సరేనండి" అన్నాడు. ఆ తొందర అతనికే సిగ్గనిపించింది. ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు, ఈ వయసులో బయట ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ఇవన్నీ నిజాలే. నిజాలన్నీ కలిసి ఒక్కోసారి మనిషిని ఎంత చవకగా అమ్మేస్తాయో!

మూలగది అద్దాలకి లోపలి నుంచి తెల్లకాగితాలు అంటించారు. కొత్త ప్రాసెసర్లు పేరు చెరిపేసిన ట్రేలలో వచ్చాయి. మేస్త్రి పొద్దున అక్కడ వాటితో కుస్తీ పట్టి, మధ్యాహ్నం బయటికొచ్చి పాత బోర్డుని పాడుచేసేవాడు. మొదటి ముక్క అతికించేటప్పుడు తన చేతి వంక చూసుకున్నాడు. అదే చెయ్యి, అదే పని. అప్పుడు ఒక బిడ్డ కోసం చేసింది, ఇప్పుడు దేనికోసం చేస్తోందో దానికి తెలుసు.

"బావా, ఇది చూడు. నిద్రపోతే లేవట్లేదు," అని బోర్డు ఇచ్చాడు.

అల్లుడు అందుకుని, "మళ్లీ నిద్ర జబ్బా?" అని నవ్వాడు.

ఆ సాయంత్రమంతా మేస్త్రి బల్ల వంకే చూసుకున్నాడు. ముక్క ఏదీ రాలేదు, టీ గ్లాసూ రాలేదు. మర్నాడూ రాలేదు. అల్లుడు నింపాదిగా తీగలు తగిలించుకుని, తెర మీద గీతలు చూసుకుంటూ, మధ్యమధ్య ఈల వేసుకుంటూ కూర్చున్నాడు. కనిపెట్టలేదు, బతికిపోయాం అనుకున్నాడు మేస్త్రి. వయసుతో అల్లుడి చూపు మందగించిందనుకుని జాలి కూడా పడ్డాడు. కొన్నాళ్లకి అతను ఆ జబ్బు నయమైందని చెప్పేసరికి ఇంకో బోర్డు మీద రెండో ముక్క పెట్టాడు.

అలా సాగుతుండగా ఒకరోజు క్యాంటీన్లో అల్లుడు కంచం పక్కకి జరిపి గొంతు తగ్గించాడు.

"బావా, మావాళ్లు నన్ను ఫ్యాక్టరీకి రమ్మంటున్నారు. పెద్ద పోస్టే. మళ్లీ మళ్లీ రాదు. ఈ వారంలో చెప్పాలంట. లేకపోతే ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు."

మేస్త్రి చేతిలో ముద్దని కంచంలో పెట్టేశాడు. వెనక బల్ల దగ్గర మూలగది వాళ్లు ఇద్దరు తింటున్నారు. వాళ్ల మాటలు ఆగినట్టు అతనికి తోచింది.

"చెల్లెమ్మ ఏమంటోంది?" అన్నాడు.

"అదా? బడి వదలాలి, పాపని బడి మార్పించాలి. మనసు లేదు. కానీ ఇక్కడ మన కాంట్రాక్టు ఎంతకాలమో తెలియకుండా మంచి పోస్టు కాలదన్నుకోవద్దంటోంది. లెక్కల టీచరు కదా. నువ్వేమంటావు?"

కాంట్రాక్టు లేదు, పారిపో అని చెప్పొచ్చు. ఒక్క మాట. మేస్త్రి నీళ్లు తాగాడు. గ్లాసు కిందపెట్టి, దాని వంకే చూస్తూ, "వెళ్లడమే మంచిదేమో బావా," అన్నాడు.

"నిజంగానే అంటున్నావా?"

"పెద్ద పోస్టంటున్నావుగా. వెళ్లు."

అల్లుడు అతని ముఖంలోకి చూసి, వెనక బల్ల వైపు ఓసారి చూసి, తలూపాడు. మేస్త్రికి గుండెల మీంచి బండ దించినట్టయింది. చెప్పేశాను, చెప్పాల్సింది చెప్పేశాను, ఇంక వెళ్లిపోతాడు, నా చేతికి మట్టి అంటదు అనుకున్నాడు. ఆ పూట అన్నం కూడా సహించింది.

తిరిగి ల్యాబులోకి రాగానే డైరెక్టరమ్మ నుంచి ఫోను. అల్లుడు పొద్దున మూలగది తలుపు దగ్గర నిలబడి ఎవరితోనో మాట్లాడాడట, చేతులు ఖాళీగా ఉన్నట్టున్నాయి, ఏం చేస్తున్నారు మీరు అని. మేస్త్రి ఇంకేమీ ఆలోచించలేదు. భూతద్దం ముందుకి లాక్కుని మూడో ముక్క అతికించాడు. ఎటూ వెళ్లిపోయే మనిషే కదా, ఈ నాలుగు రోజులకి ఏమైందిలే అనుకున్నాడు. బోర్డు తీసుకెళ్లి అల్లుడి చేతిలో పెట్టాడు. అల్లుడు దాన్ని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసి, తలెత్తి, ఏదో గొప్ప మాట విన్నవాడిలా నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో మేస్త్రికి అర్థం కాలేదు.

వారం గడిచింది. అల్లుడు కుర్చీలోనే ఉన్నాడు. ఏమైందని అడగడానికి మేస్త్రికి నోరు రాలేదు. ఇంకా చెప్పలేదేమో, గడువు పొడిగించారేమో అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. అడిగితే వినాల్సి వస్తుంది కదా.

సంతకాలయ్యాయి. పెద్ద హాల్లో అందరినీ నిలబెట్టి తెర మీద కొత్త కంప్యూటరు చూపించారు. కింద కొత్త ప్రాసెసర్ పేరు, చప్పట్లు. ఆ పొద్దున అల్లుడి కార్డుకి గేటు తెరుచుకోలేదు. సెక్యూరిటీ మనిషి అతని సామాను అట్టపెట్టెలో సర్దించి తెప్పించాడు. కప్పు, చెప్పుల జత, పాప గీసిన బొమ్మ. మేస్త్రి గేటు దగ్గరికి వెళ్లేసరికి అల్లుడు ఆ పెట్టె కాళ్ల దగ్గర పెట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు.

"ఫ్యాక్టరీ పోస్టు?" మేస్త్రి అడిగిన మొదటి మాట అదే.

"వద్దని చెప్పేశాగా. వేరేవాళ్లకి ఇచ్చేశారు. ఈ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లందరినీ తీసేస్తున్నామని పొద్దున్నే ఫోను చేశారు."

"వద్దన్నావా? వెళ్లమని చెప్పానుగా! నా నోటితో చెప్పానుగా నీకు!"

"చెప్పావు." అల్లుడు జేబులోంచి చిన్న టేపు ముక్క తీశాడు. దాని మీద మూడు నల్లటి చుక్కలు. "వెనకాల మనుషులున్నారు కదా, నోటితో అలాగే అంటావు. పావుగంటలో ఈ మూడోది తెచ్చిపెట్టావు. నీ నోటికంటే నీ చెయ్యి నాకు బాగా తెలుసు బావా. అప్పుడూ ఇలాగే కదా ఆపావు. మొదటిది చూసినప్పుడే అనుకున్నా, మావాళ్లు నన్ను లాక్కెళ్లబోతున్నారని ఎక్కడో విన్నావు, ఆపుతున్నావు అని. లోపలి మనిషివి, ఇక్కడ ఢోకా లేదని తెలిస్తేనే కదా ఉండమంటావు."

మేస్త్రి ఆ మూడు చుక్కల్నీ ఒక్కొక్కటిగా చూశాడు.

"నువ్వు మాత్రం ఏం చేస్తావు? నీకు కూడా చెప్పకుండా మోసం చేశారు," అన్నాడు అల్లుడు. "పొద్దుట్నుంచి మీ చెల్లెలితో ఒకటే గొడవ. అన్నయ్యకి ముందే తెలుసంటుంది. నోర్ముయ్యమన్నా. పెళ్లయ్యాక ఆ మాట అనడం ఇదే మొదటిసారి. నువ్వే చెప్పు, ఇవి నన్ను ఆపడానికే కదా పెట్టావు?"

సెక్యూరిటీ మనిషి అటు తిరిగి నిలబడ్డాడు. అల్లుడి చెయ్యి ఇంకా చాచే ఉంది. ఎండకి కళ్లు చికిలించుకుని, ఒక్క మాట కోసం, చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు.

"అవును బావా," అన్నాడు మేస్త్రి.

"చాలు," అన్నాడు అల్లుడు. టేపు ముక్క మేస్త్రి ఎడమచేతిలో పెట్టి, గుప్పిట మూసి, పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రికి కొత్త జట్టులో చోటు దొరికింది. కిటికీ పక్క కుర్చీలోకి కొత్త ప్రాసెసర్ కంపెనీ మనిషి వచ్చాడు. ల్యాబులో అప్పుడే కొత్తల్లుడు అనడం మొదలుపెట్టారు. అతను నవ్వుతూ వచ్చి, "ఇక్కడ నాకు బావగారు మీరేనటగా?" అని చెయ్యి చాచాడు. మేస్త్రి చెయ్యి కలిపి, సార్ అంటే చాలన్నాడు.

అదే సాయంత్రం బస్టాపులో ఉండగా ఫోను మోగింది. పాత అల్లుడి భార్య.

"మేస్త్రిగారూ," అంది. ఆ పిలుపుతోనే అతనికి అంతా అర్థమైంది.

"చెల్లెమ్మా, నేను..."

"ఏం చెప్పకండి. నేను అడగను. ఆ ముక్కలు ఒక్కోటీ ఇంటికి తెచ్చి నాకు చూపించేవాడండీ. మా బావ చూడు, మళ్లీ మనకోసం దొంగపని చేస్తున్నాడు అని మురిసిపోయేవాడు. మూడోది తెచ్చిన రోజే, నా ముందే, ఫ్యాక్టరీవాళ్లకి రానని చెప్పేశాడు." ఆవిడ ఏడవడం లేదు. బడిలో లెక్క చెప్పినంత నిదానంగా మాట్లాడుతోంది. "ఉద్యోగం పోయిందని కుంగిపోయి ఉన్నాడు. దానికి ఎలాగో తట్టుకుంటాడు. మీరు కూడా పోతే తట్టుకోలేడు. కాబట్టి ఆయనకి నిజం చెప్పి మీరు హాయిగా ఉందామనుకోకండి. ఎప్పటిలాగే ఫోను చెయ్యండి. ఇంటికి రండి. బావా అని పిలిస్తే పలకండి. నేను కూడా ఆయన ముందు అన్నయ్యా అనే పిలుస్తాను."

"సరేనమ్మా," అన్నాడు మేస్త్రి.

"ఆదివారం రమ్మంటున్నాడు. రండి," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

బస్సు వచ్చింది, మేస్త్రి ఎక్కలేదు. ఆదివారం వెళ్లాలి. ఆ తర్వాత ఆదివారం కూడా వెళ్లాలి.