ఘటమెత్తిన మనిషి

అమ్మవారి ఘటం నిలిపిన మర్నాడే రాజకుమారి లోపావడాకి మళ్లీ మరక కనబడింది.

పెరట్లో స్నానాల తడిక మూసుకుని ఆ పావడాను వెలుతురుకు పట్టి చూసింది. వయసులో ఉన్నప్పటి ఎరుపు కాదు. బెల్లం పాకం మాడితే వచ్చే రంగు. ఉగాదికి ముందు మొదటిసారి కనబడినప్పుడు వేడి చేసిందనుకుంది. మెంతులు నానబెట్టి మింగింది, మజ్జిగ తాగింది. ఆగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ ఆగింది. ఈసారి మాత్రం తడిగుడ్డ పిండినట్టు పొత్తికడుపు మెలిపెడుతోంది.

ఆమెకు ముట్లుడిగి రెండేళ్లు దాటింది. ఘటం ఆమె నెత్తి మీదికి వచ్చిందే అందుకు.

రాజాం దగ్గరి ఆ ఊళ్లో అమ్మవారి సంబరం అయిదేళ్లకోసారి జరుగుతుంది. చాటింపు వేసిన రోజున ఘటం నిలుపుతారు. పసుపు రాసిన కుండ, దాని మూతిలో వేపమండలు, పైన దీపం. రాజకుమారి మొగుడు నరసింగరావు ఇంటి పెద్దకోడలే దాన్ని ఎత్తాలి, అదీ ముట్లుడిగిన మనిషై ఉండాలి. సంబరానికి ముందురోజు తొలేళ్లు, ఆపైన సంబరం, చివర అమ్మవారిని సాగనంపే అనుపు అన్నీ అయి ఘటం ఏట్లో కలిసేదాకా ఎత్తిన మనిషి ఒంటిపూట తినాలి, కటిక నేల మీద పడుకోవాలి, ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే అమ్మవారూ ఊరు దాటిపోతుందంటారు. ఇక మైల మాట చెప్పేదేముంది? మైలపడిన చెయ్యి ఘటానికి తగిలితే పిల్లలకి అమ్మవారు పోస్తుందని, పశువులు పడిపోతాయని అత్త కూర్మమ్మ కోడలు కాలుపెట్టిన నాటి నుంచీ చెబుతూనే ఉంది. మోకాళ్లు అరిగేదాకా ఆ ఘటం మోసింది కూర్మమ్మే.

అయితే రాజకుమారికి ఘటం కన్నా ముందే అమ్మవారు వచ్చింది. వచ్చిందని అందరూ అన్నారు.

ముట్లు ఆగే రోజుల్లో ఆమె ఒళ్లు ఆమె మాట వినడం మానేసింది. పొయ్యి దగ్గర కూర్చుంటే గుండెల్లోంచి నిప్పు ఎగదన్ని మెడ మీదికి, ముఖం మీదికి పాకేది. జాకెట్టు చెమటతో ఒంటికి అతుక్కుపోయేది. కీళ్లు నొప్పులు. కంటికి నిద్ర లేదు. చిన్నమాటకే ఏడుపు, అంతకన్నా చిన్నమాటకి కోపం. ఒకనాడు నరసింగరావు "కూరలో ఉప్పేదే, ఒసే?" అంటూ కంచం తోసేశాడు. పాతికేళ్లుగా నోరెత్తని మనిషి ఆ కంచాన్నే తీసి గోడకేసి కొట్టింది. జుట్టు విడిపోయి, ముఖం ఎర్రబడి, ఒగరుస్తూ, నిలువునా వణుకుతూ నిలబడింది.

అరుగు మీది నుంచి కూర్మమ్మ చూసి చేతులు జోడించేసింది. "ఒరే నరసింగా, కాళ్లమీద పడరా! అది నీ పెళ్లాం కాదురా. అమ్మోరొచ్చీసినాది!"

నరసింగరావు పడ్డాడు.

అది వట్టి వేడి అని రాజకుమారికి తెలుసు. కాని ఆ రోజు నుంచి మొగుడు ఆమెను "ఒసే" అనలేదు. "అమ్మా" అన్నాడు. ఇరుగుపొరుగు వాళ్లు పిల్లల్ని తెచ్చి బొట్టు పెట్టించుకుని వెళ్లేవాళ్లు. తాను అమ్మవారినని ఆమె ఎన్నడూ అనలేదు, అమ్మవారిలా ఒక్క మాట పలకలేదు. కాదని మాత్రం చెప్పలేకపోయింది. బుద్ధి తెలిశాక "తిన్నావా?" అని ఆమెను ఎవరైనా అడిగింది అప్పుడే మరి.

ఇప్పుడా పావడా చేత్తో పట్టుకుని, ఎవరితో చెప్పుకోవాలో తెలియక నిలబడింది. మైల పట్టింపు లేని మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. క్రైస్తవుల పేటలో ఉండే కాంతం. ఉపాధి పనిలో ఇద్దరూ ఒకే గట్టు మీద మట్టి మోసినవాళ్లు.

బోరు దగ్గర కాంతమే ముందు అడిగింది. "ఏటొదినా, మొకానికి అంత పసుపు రాసినా తెల్లగా పాలిపోనావు?"

రాజకుమారి అటూ ఇటూ చూసి చెప్పేసింది.

కాంతం నిండే బిందెను అలాగే వదిలేసింది. "ఎప్పుట్నుండి?"

"ఉగాది ముందునుండి."

"ఓలమ్మ! ఒలే, నీకు బుద్దుందా? ఆశా పిల్ల మీటింగెట్టినప్పుడు నా పక్కనే కూకున్నావు కదే. ముట్లుడిగిపోనాక మళ్లీ ఒక్క సుక్క కనబడినా ఆసుపత్రికి పొమ్మని సెప్పలేదేటి?"

"సెప్పినాది. మనం నవ్వుకున్నాం."

"నవ్వినాం. ఇప్పుడు నవ్వు మరి!" కాంతం ఆమె మోచెయ్యి పట్టుకుంది. "రేపు బేగి లేసి వచ్చీ. మా శాంతికుమార్ ఆటో ఉన్నాది, రాజాం ఎలిపోదాం."

"ఘటం నిలిపీసినారొదినా. పొలిమేర దాటకూడదు నాను."

"దాటితే ఏటవుతాది?"

"ఊరికవుతాది."

"దాటకపోతే నీకవుతాది. అదేటి, నువ్వు ఊళ్లో మనిషివి కావేటి?"

రాజకుమారి చెంగుతో ముఖం తుడుచుకుంది. "అనుపు అవనీ. అవగానే నీతోటే వస్తాను. మీ అయ్యగారి సేత ప్రార్దన సేయించు అందాకా."

"సేయిస్తాను గానీ, మా అయ్యగారు కూడా ముందు ఆసుపత్రికి పొమ్మనే అంటారు."

బిందె పొంగి నీళ్లు ఇద్దరి కాళ్లనూ తడిపాయి.

ఆ తరువాత రోజూ భయమే. ఊరి పెద్ద కూర్మయ్య గారి ఆవు ఈనలేక చచ్చిపోతే, అది తన వల్లనే అనుకుంది. చివరింటి పిల్లవాడికి ఒళ్లు కాలిపోతోందని వింటే అన్నం ముద్ద దించేసి కంచం ముందు నుంచి లేచిపోయింది. ఘటం ముందు కూర్చుని, 'నన్ను ఏటైనా సెయ్యి, ఊరోళ్లనొగ్గీ' అని మనసులోనే బతిమాలింది. నొప్పి మాత్రం తగ్గలేదు. మరక మరకగా ఉండటం మానేసి ధార కట్టింది.

గుడ్డలు ఉతికి గడ్డివాము వెనక ఆరేసుకునేది. అవి కూర్మమ్మ కంటబడ్డాయి.

"ఎవలివే ఇవి? ఘటమున్న కొంపలో!" ముసలామె కర్రతో గుడ్డను ఎత్తి పట్టుకుని నడవాకిట్లోకి వచ్చింది. "పద్మకుమారీ, నీవే కదా?"

చిన్నకోడలు పద్మకుమారి బియ్యం చేట దించింది. "నావి కావత్తా. నాకింకా టైమున్నాది."

"నీవి కాక నావేటే, ముసిల్దాన్నయిపోనాను? లేపోతే అమ్మోరు తల్లివా? పశువుల పాకలోకి నడు. అనుపయ్యేదాకా గడపెక్కినావంటే కాళ్లిరగ్గొడతాను."

పద్మకుమారి గుడ్డకేసి చూసింది. తరువాత తోడికోడలికేసి చూసింది. రాజకుమారి తల దించుకుంది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా అనలేదు.

"సరేలే అత్తా, నాకూ వంట తప్పినాది," అంటూ పద్మకుమారి చాప చంకన పెట్టుకుంది. రాజకుమారి పక్కనుంచి వెళుతూ గొంతు తగ్గించింది. "అప్పా, నువ్వు గానీ సచ్చిపోనావంటే నీ అమ్మోరికి నాను జన్మలో దండమెట్టను. గుర్తెట్టుకో."

ఆ మాటతో రాజకుమారికి ఎక్కడ లేని ధైర్యమూ వచ్చింది. పొద్దు వాలకముందే అత్త దగ్గరికి వెళ్లి కూర్చుంది. "అత్తా, నాకు ఒంట్లో బాగుండనేదు."

కూర్మమ్మ ఆమె రెండు అరచేతులూ తీసుకుని కళ్లకద్దుకుంది. "అమ్మోరు ఒంట్లో ఉంటే బాగెలాగుంటాది, తల్లీ? ఓర్సుకో. నానూ ఓర్సుకున్నాను."

ఇంకేం చెబుతుంది?

తొలేళ్ల నాడు ఎండ నిప్పులు చెరుగుతుండగానే ఘటం బయలుదేరింది. ముందు డప్పులు, వెనక ఊరంతా. రాజకుమారి గుడ్డ మీద గుడ్డ మడిచి కట్టుకుంది. నెత్తి మీద కుండ బరువు, లోపలి నుంచి వేడి, పైనుంచి వేడి. ప్రతి గుమ్మం ముందూ ఆగాలి. ఇంటావిడ ముర్రాట, అంటే పసుపు నీళ్ల చెంబు తెచ్చి ఘటమెత్తిన మనిషి కాళ్ల మీద పోస్తుంది. అలా పోసిన ప్రతిసారీ, కాళ్ల వెంట దిగుతున్నది పసుపు నీళ్లలో కలిసి మట్టిలోకి ఇంకిపోయింది. ఎవరూ చూడలేదు. రాజకుమారి ఒక్కతే చూసింది. ఆడవాళ్లు ఆ నీళ్లనే వేలితో తీసి కళ్లకద్దుకుంటున్నారు.

చివరింటి దగ్గర ఆ జ్వరం పిల్లవాడి తల్లి వంగింది. పాదాల దగ్గర నిలిచిన నీళ్లు తీసి పిల్లవాడి నుదుటికి రాయబోయింది.

"వొద్దు!" రాజకుమారి అరిచింది. "వొద్దే! గుంటడికి రాయకు!"

డప్పులు ఆగిపోయాయి. రెండేళ్లుగా నోరు విప్పని అమ్మవారు పలికిందని జనం ఎక్కడివాళ్లక్కడ వంగిపోయారు. కూర్మమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయి నేల మీద సాగిలపడింది. "సెప్పు తల్లీ! ఏటి తప్పు సేసినాం?"

"అత్తా, నాను అమ్మోరిని కాదు. రాజకుమారిని." ఘటాన్ని రెండు చేతులా పట్టుకుంది. "నాకు ఉగాది ముందునుండీ రగతం పోతన్నాది. నొప్పికి నిలబడలేకపోతన్నాను. నన్ను ఆసుపత్రికి తీసుకుపోండి, మీకు దండమెడతాను."

అప్పుడు ఊరి పెద్ద కూర్మయ్య గొంతెత్తాడు. "తల్లి మనల్ని పరీచ్చ సేస్తన్నాదిరా! అమ్మోరికి ముట్టేటి? సూస్తారేటి, ముర్రాటలు పొయ్యండి!"

చెంబులతో కాదు, బిందెలతో పోశారు. కళ్లలో, ముక్కులో పసుపు నీళ్లు. చీర మీద అప్పటిదాకా పాకిన ఎరుపు కూడా పసుపులో కొట్టుకుపోయింది.

నిజం చెప్పింది. నీళ్లు పోశారు.

జనం వెనక, వీధి చివర, శాంతికుమార్ ఆటో పక్కన కాంతం కనబడింది. ఒక చెయ్యి నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తోంది, ఇంకో చెయ్యి ఆటో కడ్డీ పట్టుకుని ఉంది. అంత దూరమూ నడిస్తే చాలు. కాని మధ్యలో ఊరంతా ఉంది.

రాజకుమారి ఘటం దించింది. నడివీధిలో, దీపం తొణక్కుండా. 'అమ్మా, నీ పేరు వాడుకుంటన్నాను. దానికి ఏటి సిచ్చేస్తావో తరవాత ఎయ్యి' అనుకుంది. ఆనాడు కంచం విసిరిన మనిషిని లోపల వెతుక్కుంది. దొరికింది.

"ఒరే నరసింగా!"

నరసింగరావు ఉలిక్కిపడి ముందుకొచ్చాడు.

"దీని ఒంట్లో రోగమున్నాదిరా. రోగం మీద కూకోమంటావురా నన్ను? ఈ గుంటని ఇప్పుడే రాజాం ఆసుపత్రికి తీసుకుపో!"

"తల్లీ, పొలిమేర..." అన్నాడు కూర్మయ్య.

"పొలిమేర ఎవలిదిరా? నాదా, నీదా?"

కూర్మయ్య చేతులు జోడించి పక్కకు తప్పుకున్నాడు. జనం చీలింది. ఆటో ఎక్కేటప్పుడు కాంతం పట్టుకోకపోతే రాజకుమారి పడిపోయేదే. కుంకుమ పూసిన పొలిమేర రాయి దగ్గరికి వస్తుంటే కళ్లు గట్టిగా మూసుకుంది. ఏదో జరుగుతుందని కాచుకుంది. ఆటో గతుకులో పడి లేచింది. అంతే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కానింగ్ తీసి చాలాసేపు తెర మీద చూస్తూ ఉండిపోయింది. గర్భసంచి లోపలి పొర మందంగా ఉందని, విశాఖపట్నం వెళ్లి చిన్న ముక్క తీయించి పరీక్ష చేయించాలని చెప్పింది.

"మొదటిసారి కనబడినప్పుడే ఎందుకు రాలేదమ్మా?"

"ఇప్పుడేటవుతాది?"

"పరీక్ష వచ్చేదాకా ఏదీ చెప్పలేను. రేపే వెళ్లండి. ఆలస్యం చెయ్యొద్దు."

చెప్పలేనన్నప్పుడు డాక్టరమ్మ ఆమెకేసి చూడలేదు.

రక్తం ఎక్కిస్తున్నారు. కాంతం మందులకని బయటికి వెళ్లింది. నరసింగరావు సెల్‌ఫోను పట్టుకుని మంచానికి దూరంగా, గుడిలో నిలబడినట్టు నిలబడ్డాడు.

"అమ్మా," అన్నాడు. "ఊర్నుండి ఫోను. ఘటం వీదిలోనే ఉన్నాదంట. దీపంలో నూని పోస్తన్నారు గానీ, ముట్టుకోడానికి ఎవలికీ దైర్నం సాలడం లేదంట. ఎవలెత్తాలో తల్లే సెప్పాలంట."

రాజకుమారి ఆయనను చూసింది. పాతికేళ్ల మొగుడు. 'నాను రాజకుమారిని, దగ్గరకొచ్చి కూకో, బయమేస్తన్నాది' అనాలనుంది. కాని రేపు విశాఖపట్నం వెళ్లాలి. అక్కడ ఇంకా ఏమేం ఉందో. అమ్మవారు చెబితే ఆటో కదిలింది. రాజకుమారి చెబితే ఎవరు కదులుతారు?

"పద్మకుమారిని ఎత్తుకోమను."

"దానికింకా ముట్టు ఆగనేదు కదా, తల్లీ? పాకలో ఉన్నాది..."

"ఆ గుడ్డలు దానివి కావు. ఎత్తుకోమన్నాను!"

నరసింగరావు ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఒరే, తల్లి పలికినాదిరా..."

గుండెల్లోంచి మళ్లీ నిప్పు బయలుదేరింది. మెడ మీదికి పాకింది, ముఖం మీదికి ఎక్కింది. చెమట కణతల మీది నుంచి చెవుల్లోకి కారింది. అది చూసి నరసింగరావు మాట ఆపి, ఫోనుతో సహా చేతులు జోడించాడు.

గోడ మీద ఫ్యాను స్విచ్చి ఆయన చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. వెయ్యమని అడుగుదామనుకుంది రాజకుమారి. అమ్మవారు ఫ్యాను అడుగుతుందా అని ఊరుకుంది.