మగ్గం పక్కన బల్ల

"దీంతోటి ఏమొస్తది?" అని మొగుడు మధుసూదన్ ఆ బల్లను చూసి అడిగిన ప్రతిసారీ యామినికి ఒళ్లు మండేది. గద్వాలలో ఆ ఇంట అడుగుపెట్టినప్పటి నుంచి తను మగ్గానికి నూలు కండెలు చుడుతోంది, అచ్చులు అతుకుతోంది, వండి వారుస్తోంది. వాటితో తనకేం వస్తుందని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. చీర నేసేది మధుసూదన్, పేరొచ్చేది మధుసూదన్‌కి. యామిని సంగతి ఎవరైనా అడిగితే "జర సాయం చేస్తది" అంటాడు, అంతే.

అచ్చు అతకడమంటే ఏమిటో చేసినవాళ్లకే తెలుసు. మగ్గం మీద మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు కలిపి, బూడిద అద్దిన వేళ్లతో ఒక్కొక్కటే మెలిపెట్టాలి. వేల పోగులు. మెడ పడిపోతుంది, కళ్లు నీళ్లు కారతాయి. అది ఆడవాళ్ల పని కాబట్టి ఆ ఇంట్లో మగవాడెవడూ నేర్చుకోలేదు. అత్త కౌసల్యమ్మకు చూపు మందగించాక ఆ చాకిరీ మొత్తం యామిని నెత్తినే పడింది.

పెళ్లితో వనపర్తి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువు ఆగిపోయింది కానీ చేతుల దురద ఆగలేదు. అందుకే మగ్గం గదిలో, కిటికీ కింద, తనకంటూ ఒక బల్ల పెట్టుకుంది. ఊడిపోయిన తలుపు రెక్క, దాని కింద సిమెంటు ఇటుకలు. కొత్తకోటలో లారీల కరెంటు పనులు చేసే మెకానిక్ మూలన పడేసిన, కరెంటు కొలిచే మల్టీమీటరును బతిమాలి తెచ్చుకుంది. కొన్నది తీగలు కాల్చి అతికే సోల్డరింగ్ ఐరన్ ఒక్కటే. దానికి స్టాండు పాత సైకిల్ సీటు స్ప్రింగు, కొన తుడవడానికి తడిగుడ్డ. చెడిపోయిన రేడియోలు, ఛార్జర్లు విప్పి, పనికొచ్చే ముక్కలు ఊడదీసి అగ్గిపెట్టెల్లో దాచింది. పనులన్నీ తెమిలాక ఆ బల్ల ముందు కూర్చుంటే తనకూ ఒక పేరుందని గుర్తొచ్చేది. ఎవరికీ అక్కరలేని చిన్న బల్బు ఒకటి వెలిగితే చాలు, ఆమెకు ఊపిరాడేది.

ఆ మధ్యాహ్నం మధుసూదన్ చీరలిచ్చే సేటు దగ్గర మాట పడి ఇంటికొచ్చాడు. అచ్చు సగం అతికి, కాసేపు నడుము వాల్చే బదులు యామిని బల్ల ముందు కూర్చుని ఉంది. గంప నిండా చుట్టిపెట్టిన కండెలు అతని కంటికి ఆనలేదు. ఒక్క తన్నుకు బల్ల తలకిందులైంది. అగ్గిపెట్టెలు చిరిగి ముక్కలు గదంతా చెల్లాచెదురయ్యాయి. మల్టీమీటరును మడమతో తొక్కి నుగ్గు చేశాడు. వద్దని అడ్డుపడిన యామినిని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. నోట్లోంచి రక్తం కారింది. ఇంకా సెగలు కక్కుతున్న ఐరన్ అందుకుని ఆమె ముంజేతిని మోకాలి కింద అదిమిపెట్టాడు.

"అతుకుడంటె నీకు గంత పానమా? దా, నీ తోలుకే అతుకుత."

చర్మం చుర్రుమంది. తన మాంసం కాలుతున్న వాసన తన ముక్కుకే తగిలి యామిని గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపుకు కౌసల్యమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. ఇన్నాళ్లు ఒక ముద్ద ఎక్కువ పెట్టిన మనిషి, కొడుకును ఆపుతుందని యామిని ఆశపడింది.

"చెయ్యి మీద గాదురా," అంది కౌసల్యమ్మ. "అచ్చు ఇంక సగమే అయింది."

మధుసూదన్ వెంటనే మోకాలు తీశాడు.

అదీ యామినిని మండించింది. ఏడ్చినా లేవని మోకాలు అచ్చు పేరు చెప్పగానే లేచింది. తన చెయ్యి విలువ ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఇన్నాళ్లూ తెలియనిది తనకే. ఆ ముక్కల్లోంచి తీగలు తెంపే కట్టర్ ఏరుకుని లేచింది. మగ్గం దగ్గరికి వెళ్లి, పొద్దుటి నుంచి తానే అతికిన పోగులు పిడికెడు పట్టుకుని తెంపింది. పట్టు పోగులు టపటపా తెగి మగ్గం కింది గుంటలోకి జారాయి.

మధుసూదన్ బూతులు తిడుతూ చెయ్యెత్తి మీదికొచ్చాడు. ఆమె వెనక్కి జరగలేదు. కట్టర్ నోరు అంచు పోగుల మీద ఆనించింది.

"కొట్టు," అంది. "నువ్వు పగలగొట్టినవి నేను మల్ల అతుకుత. నేను తెంపినవి ఈ ఇంట్ల ఎవరతుకుతరు?"

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. యామిని ఇంకో పిడికెడు తెంపింది.