బుంగమూతి బరువు

పెళ్లయి నలభై రోజులైనా కాలేదు, అప్పుడే ఆ ఇంట్లో ముగ్గురయ్యారు. మూడోది ఓ కోడిపెట్ట. వీధి మలుపులో కోళ్ల లారీ మీంచి జారిపడింది. పై ముక్కు సగానికి విరిగిపోయి, కింది ముక్కు చిన్న చెంచాలా ముందుకు పొడుచుకొచ్చింది. ఎప్పుడు చూసినా అలిగినట్టే ఉంటుందని కొత్త పెళ్లికూతురు దానికి బుంగమూతి అని పేరు పెట్టింది.

"అయితే ఇంట్లో ఇప్పుడు ఇద్దరు బుంగమూతులన్నమాట," అన్నాడు వాళ్ళాయన. ఆ మాటకు ఆమె మూతి ముడిచి, అంతలోనే ఫక్కున నవ్వేసింది.

పశువుల డాక్టరు మాత్రం నవ్వలేదు.

"ఇది గింజ ఏరుకోలేదు. దాణా నానబెట్టి, జావలా కలిపి, లోతైన గిన్నెలో పెట్టండి. రోజుకోసారి తూచి రాసుకుని ఆదివారం తీసుకురండి. బరువు నిలబడకపోతే మటుకు, అమ్మా, దీన్ని ఇంకా బాధపెట్టడంలో అర్థం లేదు."

ఆమె బుంగమూతిని ఒళ్లోకి లాక్కుంది.

ఇంటికొచ్చి వంతులేసుకున్నారు. ఆయన ప్రెస్సులో పని పొద్దున ఏడింటికి మొదలై నాలుగింటికి అయిపోతుంది. ఆమె పనిచేసే లైబ్రరీ మధ్యాహ్నం తెరిచి ఎనిమిదింటికి మూస్తారు. సోమ, బుధ, శుక్రవారాలు ఆమె తూచాలి. మంగళ, గురు, శనివారాలు ఆయన. ప్లాస్టిక్ తొట్టిలో తువ్వాలు పరిచి, బుంగమూతిని బుజ్జగించి కూర్చోబెట్టి, వంటింటి కాటా మీద తూచి, ఫ్రిజ్ తలుపుకు అంటించిన గళ్ల కాగితం మీద ఓ చుక్క పెట్టాలి.

సోమవారం వెయ్యి నూట ఇరవై గ్రాములు. మంగళవారం వెయ్యి రెండు వందల పది. ఆ చుక్క చూసి ఆమె వంటింట్లోనే గిర్రున ఓ చుట్టు తిరిగింది. బుధవారం వెయ్యి నూట ముప్పై. ఇదేమిటి? గురువారం మళ్లీ పెరిగింది. శుక్రవారం మళ్లీ తగ్గింది. చుక్కలు కలిపి చూస్తే రంపం పళ్లు.

కాటా మీద అనుమానమొచ్చి కిలో పంచదార పొట్లం పెట్టి చూసింది. సరిగ్గా కిలో. తువ్వాలు తడిసిందేమోనని పిండి చూసింది. పొడిగానే ఉంది. ఏమీ తోచక ప్రెస్సుకు ఫోన్ చేసింది.

"ఏవండీ, మీరు దానికేం పెడుతున్నారు?"

"నువ్వు కలిపి వెళ్లిందే."

"మరి నా వంతు వచ్చేసరికి ఎందుకు చిక్కిపోతోంది?"

"నిన్ను చూసి ఒళ్లు దాచుకుంటోందేమో."

"వేళాకోళం కాదు. నా చేతి చలవే మంచిది కాదేమో."

యంత్రాల రొదలో ఆయన గొంతు పెంచాడు. "నీ చేతి వంట తిని నేను రెండు కిలోలు పెరిగాను. కావాలంటే ఆ తొట్టిలో నన్నూ కూర్చోబెట్టి తూచు."

నవ్వింది గానీ బెంగ తీరలేదు.

ఆదివారం డాక్టరు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒకరోజు తొంభై పెరిగి మర్నాడు ఎనభై తగ్గడమేమిటి? ఏ వేళప్పుడు తూచారు?"

"పొద్దున, గిన్నె పెట్టకముందు," అంది ఆమె.

"సాయంత్రం, కడుపునిండా తిన్నాక," అన్నాడు ఆయన, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టరు బుంగమూతి మెడ కింద వేలు పెట్టి చూపించాడు. "తిన్నదంతా ముందు ఈ సంచిలో చేరుతుంది. అది నిండితే బరువు, ఖాళీ అయితే తేలిక. మీరిద్దరూ అసలు మాట్లాడుకుంటారా?"

"ఆపకుండా మాట్లాడుకుంటాం సార్," అన్నాడు ఆయన. "ఈ సంగతొక్కటే రాలేదు."

ఆమె అప్పటికే డాక్టరు బల్ల మీది పెన్ను లాక్కుంది. తన మూడు చుక్కలు విడిగా కలిపింది, ఆయన మూడు చుక్కలు విడిగా కలిపింది. ఒకటి కింద, ఒకటి పైన. రెండు గీతలూ మెల్లగా ఎక్కుతున్నాయి. నమ్మకం కుదరక మళ్లీ చుక్క చుక్కకీ వేలు పెట్టి చూసుకుంది.

"ఎక్కుతోంది," అన్నాడు డాక్టరు. "ఇంటికి తీసుకెళ్లండి. ఈసారి ఒకే వేళకు తూచండి."

ఇద్దరూ ఇంట్లో మెలకువగా ఉండే వేళల్లో కోడి కడుపు ఖాళీగా ఉండేది పొద్దున ఆరున్నరకే. సోమవారం ఒకరు తొట్టి పట్టుకుంటే ఒకరు కాటా చదివారు. వెయ్యి నూట అరవై. తూచడం అవగానే గిన్నె పెట్టారు. బుంగమూతి కళ్లదాకా జావలో ముంచి, తలెత్తి ఒక్క విదిలింపు విదిలించింది. ఇస్త్రీ చొక్కా నిండా జావ.

"చొక్కా మార్చుకోవాలి," అన్నాడు ఆయన.

"ముందు చుక్క పెట్టండి," అంది ఆమె.